బావ మణికట్టు మీద నా పరుగు

తెల్లవారుజామున మైదానం మీద పొగమంచు.

తడిసిన మట్టి వాసన. గడ్డి కొసల చల్లదనం చీలమండలకు తగులుతోంది. అవతలి గోడ కనిపించడం లేదు. పరిగెత్తేవాళ్ళూ కనిపించడం లేదు. అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది — ముందు దూరంగా, తర్వాత దగ్గరగా, ఆ తర్వాత నన్ను దాటి.

అందరూ నన్ను దాటి వెళుతున్నారు.

నేను నడుస్తున్నాను.

నాలుగు నిమిషాలు నడక. ఒక నిమిషం పరుగు. మళ్ళీ నాలుగు నిమిషాలు నడక. ఫిజియోథెరపీ ఆవిడ నాకు రాసిచ్చిన మందు ఇదే. ఆ ఒక్క నిమిషం కోసం నాలుగు నిమిషాలూ ఎదురుచూస్తాను. తీరా అది వచ్చాక, ఎప్పుడైపోతుందా అని చూస్తాను. కుడి మోకాలి లోపల, తలుపు సరిగ్గా పడనట్టు ఏదో అడ్డం తగులుతూ ఉంటుంది.

రెండు నెలల కిందట ఇదే మట్టి మీద ఆగకుండా ముప్పై కిలోమీటర్లు పరిగెత్తిన కాలు ఇది.

దాటిపోయేవాళ్ళు ఊరికే పోరు. ఒక మాట పడేసి పోతారు. మంచి మాటే...

"శభాష్, మళ్ళీ వచ్చేశావు!"

"నీ దగ్గర నేర్చుకోవాలమ్మా, పట్టుదలంటే."

తల ఊపుతాను. వంచిన తల వంచినట్టే ఉంచి ఊపుతాను.

ఎవరైనా తిడితే ఎంత బాగుండును అనిపిస్తుంది.

మా గుంపులో పన్నెండు మందిమి. రైల్లో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన మాకు కోచ్. పచ్చజెండా వదిలేశారు గాని ఈల వదల్లేదు. ఐదున్నరకు ఈల మోగిందంటే బండి కదిలినట్టే. ఆలస్యమైనవాళ్ళు వెనకాల పడి అందుకోవాలి.

ఏడాదికొకసారి మా ఊళ్ళో నలభై రెండు కిలోమీటర్ల పరుగు ఉంటుంది. ఈసారి దానికి నేనూ, టైలర్ వదినా పేర్లిచ్చాం.

టైలర్ వదిన నాకు చుట్టం కాదు. మా వీధి చివర ఆవిడ కొట్టు. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. యాభై రెండేళ్ళ మనిషి. అందులో ముప్పై ఏళ్ళు మిషను ముందే గడిచాయి. రెండేళ్ళ కిందట నేనే చెయ్యి పట్టుకుని మైదానానికి లాక్కొచ్చాను. మొదటి రోజు సగం చుట్టు పరిగెత్తి గడ్డి మీద కూలబడింది.

"అమ్మాయ్, నా దగ్గర ఇంతే గుడ్డ ఉంది. ఇంతకన్నా పొడుగు రాదు," అంది రొప్పుతూ.

పొడుగు వచ్చింది. మెల్లగా, రోజుకింత, రెండేళ్ళలో చాలా పొడుగే వచ్చింది.

ఒక్కటి మాత్రం రాలేదు. ఒంటరిగా పరిగెత్తడం. నేను రాని రోజు ఆవిడా రాదు. వచ్చినా రెండు చుట్లు నడిచి, కొట్టు తెరవాలంటూ వెళ్ళిపోతుంది. నా అడుగు పక్కన పడితేనే ఆవిడ అడుగు పడుతుంది.

"నువ్వు పక్కనుంటే నా కాళ్ళకి వయసు గుర్తుండదు," అనేది. "నువ్వు లేవనుకో... నడుమూ, కీళ్ళూ, పొయ్యి మీద పెట్టొచ్చిన పాలూ, అన్నీ వరసగా గుర్తొస్తాయి."

అందుకే మా ఇద్దరికీ ఒక మాట. కలిసి మొదలుపెడతాం, కలిసి ముగిస్తాం.

ఆ తర్వాత సెలవులు వచ్చాయి.

పన్నెండు రోజులు. సముద్రం పక్కన మా అక్క ఇల్లు. బయలుదేరే ముందు గుంపందరి ముందూ గొప్పలు పోయాను. అక్కడా ఒక్క రోజు మానను, ఇసుకలో పరిగెడతాను, కావాలంటే చూస్తూ ఉండండి అన్నాను.

చూస్తూ ఉంటారు కూడా. ఎవరు ఎంత పరిగెత్తినా చేతి వాచీ అప్పటికప్పుడు లెక్కపెట్టి గుంపులో అందరి ఫోన్లకూ పంపుతుంది. బయలుదేరిన నిమిషంతో సహా.

మొదటి రోజు నిజంగానే పరిగెత్తాను.

రెండో రోజు సాయంత్రం అక్కా నేనూ డాబా మీద సుద్దముక్కతో గళ్ళు గీశాం. తొక్కుడుబిళ్ళ. ముప్పై ఏళ్ళ తర్వాత! నీ కాలు గీత మీద పడిందంటే, కాదు నీదే పడిందని అరుచుకున్నాం. అక్కకి నలభై ఏడు, నాకు నలభై మూడు. చివరి గడిలో ఒంటికాలి మీద గిరుక్కున తిరిగాను.

ఒళ్ళు తిరిగింది.

మోకాలు తిరగలేదు.

నలభై రెండు కిలోమీటర్లకు సిద్ధమవుతున్న మనిషిని, ఎనిమిది గళ్ళు దాటలేక కూలబడ్డాను. అక్క ముందు పడీపడీ నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఐసు కోసం కిందికి పరిగెత్తింది.

కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాక బాధపెట్టింది నొప్పి కాదు. ఫోను. రేపు అందరి పేర్ల పక్కనా అంకెలుంటాయి, నా పేరు పక్కన సున్నా ఉంటుంది. ఏమైందని అడుగుతారు. ఏం చెప్పను? తొక్కుడుబిళ్ళ అని చెప్పనా?

బావ, అంటే మా అక్క భర్త, బళ్ళో డ్రిల్లు మాస్టారు. రోజూ పొద్దున్నే ఒడ్డు వెంబడి పరిగెడతాడు. మర్నాడు ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు. నేను గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి, నా వాచీ విప్పి ఆయన ముందు పెట్టాను.

"బావా, ఇవాళ ఇది పెట్టుకుని పరిగెత్తవా? ఒక్క రోజే."

ఒక్క రోజే అన్నాను. అప్పటికి నిజంగా అంతే అనుకున్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "నీ పేరు మీద నేను పరిగెత్తాలా మరదలా? బాగానే ఉంది బేరం. మెడల్ వస్తే సగం నాది."

ఆ రోజు నా పేరు మీద పదహారు కిలోమీటర్లు. గుంపులో ఒకటే చప్పట్లు. ఇసుకలో పదహారా అని ఒకరు, అసలు మనిషివేనా అని ఒకరు. ఆ మర్నాడు పద్దెనిమిది.

అబద్ధం మొదటి రోజు గొంతులో అడ్డం పడింది. మూడో రోజుకి కాఫీతో పాటు హాయిగా దిగిపోయింది. కాలు చాపుకుని వరండాలో కూర్చుని, ఇవాళ నేను ఎంత పరిగెత్తానో ఫోన్లో చూసుకునేదాన్ని. తక్కువ వస్తే బావ మీద విసుక్కునేదాన్ని కూడా.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు... కానీ విసుక్కున్నాను.

నేను పనిచేసేది ప్రెస్సులో. ప్రూఫులు దిద్దుతాను. ఒక పొల్లు తప్పినా, ఒక దీర్ఘం ఎగిరిపోయినా నా కంట పడాల్సిందే. అలాంటిదాన్ని పది రోజులు నా పేరు పక్కన తప్పు అంకెలు చూస్తూ, ఎర్ర పెన్ను ముట్టుకోలేదు.

తిరిగి వచ్చాను.

నా కుంటి నడక చూసి గార్డుగారు ఈల చేతిలోకి తీసుకున్నారు, నన్నేం అడగనైనా లేదు. "అతి చేశావు," అన్నారు. "ఇసుకలో పన్నెండు రోజులా? మోకాలా, ఇనుమా అది?" అందరూ అవునవునన్నారు. నేను నోరు విప్పి అబద్ధం చెప్పలేదు. వాళ్ళే తయారుచేసి ఇచ్చారు, నేను కాదనలేదు, అంతే. ఈ 'అంతే'ని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో.

ఇక్కడ నిజం తెలిసింది ఫిజియోథెరపీ ఆవిడకొక్కరికే.

"ఎలా తగిలింది?" అని అడిగింది.

"తొక్కుడుబిళ్ళ ఆడుతూ."

ఆవిడ కాగితం మీంచి తలెత్తింది. "గెలిచారా?"

"లేదండీ."

నవ్వుకుంటూ రాసుకుంది. ఆ ఒక్క గదిలోనే నాకు ఊపిరి తేలిగ్గా ఆడింది.

నిన్న టైలర్ వదిన కొట్టుకి వెళ్ళాను. కత్తిరించిన నీలం గుడ్డలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఆవిడ మిషను ఆపి, కొలతల పుస్తకం తీసింది. ఎవరి భుజమో, ఎవరి చేతి పొడుగో, ఎవరి నడుమో... వాటి మధ్యలో ఒక పేజీ. పైన 'అమ్మాయి' అని రాసి ఉంది. కింద రెండు వరసల అంకెలు. ఒక వరస నాది. పక్క వరస ఆవిడది.

పదహారు — పదహారు.

పద్దెనిమిది — పద్దెనిమిది.

ఇరవై — ఇరవై.

"చూశావా? ఒక్కదాన్నే!" అంది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "ఒక్కదాన్నే ఎక్కడలే... నువ్వక్కడ అదే టైముకి పరిగెడుతున్నావుగా. నువ్వు బయలుదేరావని ఫోన్లో కనపడగానే నేనూ బయలుదేరేదాన్ని. ఎనిమిదో రోజు ఇక్కడ ఒకటే వాన. మానేద్దామనుకున్నా. ఫోను చూస్తే నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు. ఛీ, ఆ పిల్ల ఇసుకలో పడి పరిగెడుతుంటే నాకు ఈ వానొక లెక్కా అనుకుని బయటపడ్డా. దారంతా నువ్వు పక్కనే ఉన్నట్టుంది అమ్మాయ్."

ఎనిమిదో రోజు నేను తొమ్మిదింటికి లేచాను. అక్క లేపితే లేచాను.

ఆవిడ పుస్తకం మూసింది. దారం కొస పంటితో తెంపి, చాలా మామూలుగా అంది.

"ఈ ఏడు వద్దులే. పేర్లు తీయించుకోవడానికి రేపటితో ఆఖరట కదా, గార్డుగారికి చెప్పి నీ పేరుతో పాటు నా పేరూ తీయించేస్తా. నాకు ధైర్యం రావాలనేగా నువ్వక్కడ అంత ఒళ్ళు హూనం చేసుకున్నావు. నీ మోకాలు పోగొట్టి నేనొక్కదాన్నే వెళ్ళి మెడల్ వేసుకోనా? సిగ్గుండొద్దూ?"

సిగ్గు.

ఆ మాట ఆవిడ నోట విన్నాను. నాది తీసి ఆవిడ కట్టుకుంటోంది.

మిషను మళ్ళీ మొదలైంది. చప్పుడు ఆగాక చెబుదామనుకున్నాను. చప్పుడు ఆగింది. చెప్పలేదు. వస్తానని లేచి వచ్చేశాను.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "ఏం మరదలా, మన మోకాలు ఎలా ఉంది?"

మామూలుగా అయితే నవ్వేదాన్ని. ఏడుపొచ్చింది. అంతా చెప్పాను.

"ఆ వాచీ పెట్టుకున్నందుకు నాకూ తల తీసేసినట్టుంది," అన్నాడు. "కానీ చెప్పాల్సింది నేను కాదుగా."

ఇవాళ పొద్దున్న... ఈ పొగమంచు.

ఈల మోగి చాలాసేపైంది. వెనక నుంచి ఒక అడుగు వచ్చి, నన్ను దాటిపోకుండా నా పక్కన ఆగిపోయింది. చూడక్కర్లేదు, తెలుసు. టైలర్ వదిన. ఇరవై కిలోమీటర్లు పరిగెత్తగలిగిన ఆ కాళ్ళు నా కుంటి నడక పక్కన నడవడం మొదలుపెట్టాయి. నా ఒక్క నిమిషం వచ్చింది. నేను పరిగెత్తాను. ఆవిడ తనను తాను పట్టి లాక్కుంటూ, నాకన్నా అర అడుగు వెనకే ఉంటూ పరిగెత్తింది. నాకు చిన్నతనం కలగకూడదని.

నిమిషం అయిపోయింది.

"గార్డుగారు గేటు దగ్గరున్నారు," అంది. "ఈ చుట్టు అవగానే చెప్పేస్తా."

గేటు దాకా ఇంకా సగం చుట్టు ఉంది.

పావు చుట్టు అలాగే నడిచాను. మంచులో గేటు స్తంభం మసగ్గా కనబడుతోంది.

"వదినా... పరిగెత్తింది నేను కాదు."

ఆవిడకు అర్థం కాలేదు. ఏది, ఎప్పుడు అన్నట్టు చూసింది. అప్పుడిక ఆపుకోకుండా చెప్పేశాను. గళ్ళు చెప్పాను. వాచీ చెప్పాను. బావ చెయ్యి చెప్పాను. ఎనిమిదో రోజు నేను నిద్రపోతున్నానని కూడా చెప్పాను. ఒక్కటీ మిగుల్చుకోలేదు. ఆవిడ ముఖం వైపు చూడలేదు. కాళ్ళ వైపు చూస్తూ చెప్పాను.

కాళ్ళు ఆగిపోయాయి.

తిడుతుందనుకున్నాను. తిట్టు కోసం నిలబడ్డాను. దానికి నేను తయారుగా ఉన్నాను, నిజానికి అది నాకు కావాలి. ఎవరివో అడుగులు మా పక్కనుంచి వెళ్ళాయి. ఇంకెవరివో వెళ్ళాయి.

"మరి ఆ వానలో..." అంది చాలా నెమ్మదిగా, లెక్క తప్పినప్పుడు గుడ్డని మళ్ళీ మొదటి నుంచీ కొలిచే గొంతుతో. "నా పక్కన ఎవరున్నట్టు?"

ఎవరూ లేరు వదినా అనాలి. నువ్వొక్కదానివే అనాలి.

ఆవిడ చెంగు బిగించుకుంది. ముఖం మీద చెమటో మంచో మోచేత్తో తుడుచుకుంది.

"నా పేరు సంగతి నేను చూసుకుంటాలే," అంది.

అని, పరిగెత్తింది.

గేటు వైపు కాదు. గేటు దాటి, గార్డుగారిని దాటి, నేరుగా మంచులోకి. నాలుగడుగుల్లో భుజాలు కనబడలేదు. ఆరడుగుల్లో మనిషే కనబడలేదు.

నేను నడిచాను. వేరే ఏం చేయాలో తెలియలేదు.

ఒక చుట్టు తిరిగి వచ్చి నన్ను దాటింది. ఊపిరి మాత్రం వినిపించింది. ఇంకో చుట్టు. మళ్ళీ దాటింది. ఈసారి ఇంకా వేగంగా. కోపమో, దుఃఖమో, మరేదో... వెనక నుంచి చూస్తే వీపు ఏమీ చెప్పదు.

రెండేళ్ళుగా ఆ అడుగులు నా అడుగుల్లో కలిసిపోయి వినిపించేవి. విడిగా వినడం ఇదే మొదటిసారి. తొణకని అడుగు. ఒకటి పడ్డ తీరునే ఇంకొకటి. ఇంత బాగా పరిగెడుతుందని నాకు తెలియనే తెలియదు. ఆవిడకూ తెలియదు. తెలియనివ్వకుండా పక్కనే ఉన్నాను, ముందు నేనూ, తర్వాత నా అబద్ధమూ.

మళ్ళీ వస్తోంది.

దూరంగా... దగ్గరగా... నా వెనకే.

అడుగు నెమ్మదించినట్టే ఉంది. నాకు అలా అనిపిస్తోందో, నిజంగా నెమ్మదించిందో.

తిరిగి చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

మంచులోకి చూస్తూ నడుస్తూనే ఉన్నాను.