రెండో పేజీ తిప్పని పిల్ల

వేరే దేశాల నుంచి వచ్చి ఆ బడిలో చేరిన పిల్లలకి మొదటి మజిలీ మెట్ల పక్కనున్న కొత్తపిల్లల గది. అక్కడ భాష నేర్పే టీచరమ్మకి పిల్లలు పెట్టిన పేరు సుడిగాలి. ఏ పిల్ల ఏ తరగతికి సరిపోతుందో ఒక్క చూపులో చెప్పేస్తానని ఆవిడ ధీమా. నిజం చెప్పొద్దూ, ఆ ధీమా ఎప్పుడో గానీ వమ్ము కాలేదు.

అందుకే ఆ కొత్త పిల్ల సంగతి ఆవిడకి మింగుడు పడలేదు. వయసు చూస్తే ఐదో తరగతి. లెక్కల ప్రవేశ పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదని, సోమవారం నుంచి మూడో తరగతిలో కూర్చోమని హెడ్మాస్టారు తేల్చేశారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి పిల్ల తల ఎత్తితే ఒట్టు. కానీ రంగు పెన్సిళ్లు పంచమంటే, మిగిలేవాటిని ముందే పక్కన పెట్టి మరీ పంచుతోంది. లెక్కలు రాని పిల్ల చేసే పనేనా అది?

ఆ మధ్యాహ్నం అందరికీ బొమ్మల కథలు ఇచ్చింది సుడిగాలి. మిగతా వాళ్లు చకచకా చదువుకుపోతుంటే ఈ పిల్ల మొదటి పేజీ దగ్గరే చేతులు కట్టుకు కూర్చుంది. వెనక బెంచీలో గోల ఎక్కువైతే ఆవిడ విసుక్కుని బల్ల మీద టక్కున కొట్టింది. పిల్ల పేజీ తిప్పింది. చదివింది. మళ్లీ ఆగింది. ఆవిడకి అనుమానం వచ్చి ఇంకోసారి కొట్టింది. ఇంకో పేజీ తిరిగింది.

సాయంత్రం పిల్ల తల్లి రాగానే సుడిగాలి నిలదీసింది.

"మా ఊరి బడిలో అంతేనండి" అంది తల్లి. "టీచర్ బల్ల కొట్టేదాకా పేజీ తిప్పకూడదు. ముందే తిప్పితే కాపీ కొట్టినట్టు లెక్క. ఇక్కడ పద్ధతి వేరని నాకేం తెలుసు?"

సుడిగాలి పరుగున వెళ్లి పిల్ల ప్రవేశ పరీక్ష జవాబు పత్రం తీసింది. మొదటి పేజీలో ఒక్క తప్పు లేదు. రెండో పేజీలో ఒక్క గీత లేదు. తల్లీకూతుళ్లని వెంటబెట్టుకుని తిన్నగా హెడ్మాస్టారి గదికి నడిచింది.

"మళ్లీ పరీక్షా? అందరూ ఇలాగే అడిగితే బడి నడిచినట్టే" అన్నారాయన.

"అందరూ అడగట్లేదు సార్, నేనొక్కదాన్నే అడుగుతున్నా. ఈ పిల్లకి భిన్నాలు రాకపోతే నేనే వెళ్లి మూడో తరగతిలో కూర్చుంటా."

ఆయన నవ్వు ఆపుకుంటూ కొత్త ప్రశ్నపత్రం ఇచ్చారు. మొదటి పేజీ అవగానే సుడిగాలి బల్ల కొట్టింది. పిల్ల పేజీ తిప్పి, పెన్సిల్ ఆపకుండా చివరిదాకా రాసేసింది.

"ఒకటి తప్పింది" అన్నారు ఆయన దిద్దుతూ.

"తప్పనివ్వండి సార్. ఐదో తరగతిలో మేం నేర్పడానికి ఏదో ఒకటి మిగలాలిగా!"

ఆయన సంతకం పెట్టేశారు. ఐదో తరగతి. తల్లి కళ్లు తుడుచుకుంది. సుడిగాలికి గర్వంతో ఒళ్లు పొంగిపోయింది. పిల్ల మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, వచ్చీరాని మాటల్ని కూడబలుక్కుంది.

"మా చెల్లి... అది కూడా తిప్పలేదు."

పెద్దదానితో పాటే పరీక్ష రాసి, చిన్నది అప్పటికే పసిపిల్లల గదిలో చేరి అక్షరాలు దిద్దుతోంది. దానికి అదే సరైన చోటని ఒక్క చూపులో తేల్చేసింది సుడిగాలే. హెడ్మాస్టారు అడ్డు చెప్పబోతే వినిపించుకోనిదీ ఆవిడే.

ఆవిడ చెవులదాకా ఎర్రబడింది. అయినా గొంతు తగ్గించలేదు.

"ఇంకో ప్రశ్నపత్రం తీసి ఉంచండి సార్. ఈ తప్పు అచ్చంగా నాది. చిన్నదాన్ని నేనే తీసుకొస్తా."