గునపం దగ్గర చెంబు

చప్పుడే లేకపోతే అది గిటారెలా అవుతుంది, మీటకముందు కాస్త బుస కొట్టాలి, లోపల కరెంటు ఉందని మనిషికి తెలియాలి, ఇదేమో ఆసుపత్రి గచ్చులా నున్నగా ఉంది, ప్రసన్న కొనుక్కొచ్చిన ఈ పెడల్ డబ్బా, నాన్నా ఇందులో యాభై ఆంప్లిఫయర్లు ఉన్నాయి, నీకేది కావాలంటే అది తిప్పుకో అంది పిల్ల, క్యాంపస్ ల్యాబులో పని చేస్తుంది, తెలివైనదే, యాభై సరే, మనది ఉందా అమ్మా అని అడిగాడు పోతురాజు, మనదంటే ఏది నాన్నా, మైకు సెట్టు, దాని గొట్టం స్పీకరు, అది గిటారు ఆంప్లిఫయరెలా అవుద్ది అని నవ్వింది, అవుద్దో అవదో ముసునూరు మామిడి తోటల్ని అడుగు, ఇప్పుడు వెళ్లాల్సింది అక్కడికే, మూడయింది, అయిదింటికి సభ, నేస్తం సలోమోను పోయి ఏడాది, వాడి కూతురు దివ్య నిన్న ఫోను చేసి, బాబాయ్, నాన్న చివర్లో కూడా ఆ పాటే అడిగాడు, ఆ గిటారు మోత ఒక్కసారి వినాలన్నాడు, వినిపిద్దామంటే రికార్డన్నది లేదాయె, రేపు మీరు వాయించాలి, నేను చర్చిలో గిటారు కొడతాగాని ఆ మోత నాకు రాదు, కోతలకెళ్లి నాలుగున్నరకల్లా తోటలోకే వచ్చేస్తా అంది, పాట అడిగితే ఇచ్చేవాడే, పిల్ల మోత అడిగింది, ఇప్పుడు దాన్ని ఎక్కణ్ణించి తెచ్చేది, యాభై తిప్పాడు, యాభైలోనూ లేదు.

గిటారు సంగతి పోతురాజుకి ఒకడు చెప్పక్కర్లేదు, ఏ మాస్టారి కాళ్లూ పట్టలేదు, బెజవాడలో ఆర్కెస్ట్రా మానేసిన ముసలాయన దగ్గర కొన్న ఎర్ర గిటారు, దాన్ని కొట్టీ కొట్టీ నేర్చుకున్నాడు, తీగలు లావువే ఉండాలి, కొత్త తీగ కొత్తల్లుడిలాంటిది, మెరుస్తుందిగాని పనికి వంగదు, వారం రోజులు చెమట తాగితేగాని దారికి రాదు, ట్రెబుల్ నిండా తిప్పాలి, ఎకో పెట్టుకునేవాడు నూతిలో పడ్డవాడు, ఎవడో వచ్చి పైకి తియ్యాలి, యూట్యూబులో కుర్రాళ్లు అరడజను పెడళ్లు వరసగా పేర్చుకుని ఈ టోను వెచ్చగా ఉంది, ఆ టోను తియ్యగా ఉంది అంటారు, ఏంట్రా తియ్యగా, చీక్కోడానికి చిన్నరసమా, తోట ఈ చివర మీటితే ఆ చివర చెట్టెక్కి చిక్కంతో కాయ దించుతున్నవాడు చెయ్యి ఆపాలి, అదీ టోను, ఆ ఏడు ఆగాయి చేతులు, ఇరవై రెండేళ్ల కిందట, కూలి పెంచేదాకా కాయ కొయ్యేది లేదన్న వేసవి, సలోమోను మైకు సెట్టు అద్దెలకి తిప్పేవాడు, పెళ్లిళ్లు లేని రోజుల్లో కూలికొచ్చేవాడు, వాడే గొట్టం కొమ్మకి కట్టాడు, గిటారు వైరు పట్టుకెళ్లి మైకు సెట్టు వెనకాల గుచ్చాడు, చెట్టు మీద కాయ నీది, చేతి మీద పుండు నాది, పోతురాజు కట్టిన పాట, రెండో ముక్క దగ్గర వాల్యూం పట్టక గొట్టం గొంతు పగిలేది, పగిలినచోటే జనానికి ఎక్కేది, సొన పడి చేతులు కాలినవాళ్లందరూ అక్కడే అందుకునేవాళ్లు, పదకొండు రోజులు కాయ దిగలేదు, పండి రాలిపోయింది, తోటలన్నీ పులిసిన వాసన, పన్నెండో రోజు కూలి పెరిగింది, ఆ వాసన ఇప్పటికీ మే నెలలో ముక్కుకి తగిలితే పోతురాజు ఛాతీ ఇంత అవుతుంది, టీ కొట్టు దగ్గర, ఆటో స్టాండులో, ఎవడు దొరికితే వాడికి చెప్పాడు, నా తీగలు, వాటి మోత పట్టే నా పికప్పు, నా వేళ్లు.

అటకెక్కాడు, ఏంటయ్యా ఆ దుమ్ము, ఇప్పుడేగా ఊడ్చాను అని పెళ్లాం నాగేంద్రమ్మ అరుస్తూనే ఉంది, సలోమోను మంచం పట్టినప్పుడు ఇక నాకెందుకురా అని ఇచ్చేసిన మైకు సెట్టు, బరువు తగ్గలేదు, గొట్టం కిటికీకి ఆనించి ప్లగ్గు పెట్టి స్విచ్చేశాడు, గుర్రుమంది, బుస కాదు, ఇసుక లారీ ఇంట్లోకి దూరినట్టు, ఆపవయ్యా బాబూ, ఈ మోతకి సలోమోనన్న సమాధిలోంచి లేచొచ్చేట్టున్నాడు అంది, వస్తే బాగుండును, వచ్చి ఇది చూసిపోతే బాగుండును, వైరు మార్చాడు, గుర్రే, పికప్పు మీద గుద్దాడు, గుర్రే, తీగల మీద చెయ్యి ఆనిస్తే తగ్గుతుంది, తీస్తే లారీ, అప్పట్లో లేదే ఇది, అప్పట్లో గొట్టం కోయిల కదా, ముసలిదైపోయిందా, నేనైపోయానా, తలుపు దగ్గర నిలబడ్డ ప్రసన్న గోడకేసి చూసి, నాన్నా దీనికి ఎర్తింగ్ ఏది, మనింట్లో ప్లగ్గుకి మూడో కన్నం ఉత్తిదే, లోపల తీగే లేదు అంది, ఎర్తు, అవును, గునపం, సలోమోను సభకి సైకిలు మీద మైకు సెట్టుతోపాటు గునపం కూడా కట్టుకొచ్చేవాడు, చెట్టు మొదట్లో దిగ్గొట్టి దానికి మైకు సెట్టు తీగ చుట్టేవాడు, ఎట్లా మర్చిపోయాడు, తీగల నంబర్లు గుర్తున్నాయి, గునపం మర్చిపోయాడు.

పెరట్లో కరివేపాకు మొక్క పక్కన గునపం పోటేస్తే ఖంగుమని తిరగబడింది, మే నెల నేల, నాలుగు పోట్లకి జానెడు దిగింది, తీగ చుట్టాడు, గుప్పెడు ఉప్పేసి చెంబుడు నీళ్లు పోశాడు, లారీ వెళ్లిపోయింది, సన్నటి బుస మిగిలింది, అదే, అదే బుస, చెట్టు మీద కాయ నీది అని మీటాడు, కిటికీలోంచి పక్కింటి సపోటా చెట్టు మీద పిట్టలు లేచాయి, చేతి మీద పుండు నాది, పగిలింది గొట్టం, దొరికింది మోత, రెండో చరణంలోకి వెళ్లాడోలేదో మళ్లీ గుర్రు మొదలు, పెరిగింది, పాటని మింగింది, నేల నీళ్లు తాగేసింది, ఆపాడు, వెళ్లి పోశాడు, వచ్చి మీటాడు, చరణం కాకముందే గుర్రు, ఉండు నాన్నా నేను పోస్తా, నువ్వు వాయించు అని ప్రసన్న చెంబు అందుకుంది, ఆగకుండా చారెడు చారెడు పోస్తోంది, పాట చివరిదాకా గుర్రన్నది లేదు, నాగేంద్రమ్మ కూడా గుమ్మంలో కొంగు పట్టుకుని నిలబడిపోయింది, అయిపోయాక పిల్ల చెంబు బోర్లించి, ఎండిపోతానే ఉంది నాన్నా, అప్పట్లో గంటలు గంటలు వాయించేవాడివిగా, ఎవరు పోసేవాళ్లు అని అడిగింది.

ఎవరు పోసేవాళ్లు, మొదట ఒక చెంబు పోసి ఊరుకునేవాళ్లం అనబోయాడు, ఊరుకునే నేలా ఇది, చెంబు, రాగి చెంబు, సొట్ట చెంబు, సలోమోను చేతిలో ఎప్పుడూ ఉండేది, పోతురాజు జనం వైపు, వాడు వెనకాల చెట్టు మొదట్లో, పాటకీ పాటకీ మధ్య తల తిప్పితే చెంబు నింపుకోడానికి బావి దగ్గరికి పరిగెడుతూ కనపడేవాడు, మావాడికి దాహం ఎక్కువండోయ్, తోటలో బావి ఎండగొట్టేస్తాడు అని మైకులో అనేవాడు పోతురాజు, ప్రతి సభలో అదే హాస్యం, జనం నవ్వేవాళ్లు, సలోమోనూ నవ్వేవాడు, ఒక్క చుక్క తాగుతుండగా చూసింది లేదు, ఎట్లా చూస్తాడు, వెనక్కి తిరిగితేగా, ఒక్కనాడైనా ఒరేయ్ ఇది దాహం కాదురా అని అనలేదు వాడు, అడిగింది ఒకే ఒక్కటి, కూలి పెరిగి మళ్లీ కోతలు మొదలైన రోజు, చెట్టు దిగి వచ్చి, మోచేతులదాకా సొన, ఒక్కసారి మీటనియ్యరా పోతురాజూ అన్నాడు, సొన చెయ్యి పెట్టమాకు, తీగలు చచ్చిపోతాయి అన్నాడు పోతురాజు, అన్నాడు, చేతి మీద పుండు నాది అని పాట కట్టినవాడు ఆ చేతినే వద్దన్నాడు, సలోమోను చెయ్యి లుంగీకి తుడుచుకుని సరేలేరా అని చెంబు తీసుకున్నాడు, మళ్లీ అడగలేదు, పోయేదాకా.

నాలుగయింది, ఆటో వచ్చింది, మైకు సెట్టు ఎక్కించాడు, గునపం, తీగ, ఉప్పు పొట్లం, చెంబు, పెడల్ తీసుకెళ్లవా నాన్నా అంది ప్రసన్న, నువ్వుంచుకో అమ్మా, నీళ్లడగని డబ్బా నాకెందుకు, గిటారు ఆఖర్న పెట్టాడు, ముసునూరు దారంతా కాయల ట్రాక్టర్లు, దివ్య కోతల్లోంచి తిన్నగా వస్తుంది, మోచేతులదాకా సొనతో వస్తుంది, కడుక్కొస్తా ఉండండి బాబాయ్ అంటుంది, వద్దు, గిటారు అట్లాగే తగిలించుకో అనాలి, పాట తను వెనకనించి పాడతాడు, చెట్టు మొదట్లో, గునపం పక్కన, చెంబు పట్టుకుని, మైకు అందితే ఒక్క మాట చెప్పి మొదలెడతాడు, సలోమోనుకి ఏనాడూ దాహం లేదండీ, ఆ మోత వాయించింది ఇద్దరం, పేరు నేనొక్కణ్ణే తాగేశాను.