బోణీ బండి

కాలువ గట్టు మీది చెరకు కాంటా దగ్గర రుక్మాబాయి బండి రెండు రోజులుగా నిలబడి ఉంది. ఇవాళ వరుసలో అదే మొదటిది. భర్త పక్షవాతంతో మంచం పట్టాక ఎడ్లను కట్టడం, బండి తోలడం ఆమే నేర్చుకుంది. కోసిన చెరకు ఎండకు వాడిపోతోంది. ఇంకో రోజు ఆగితే రసం ఇగిరి, ఏడాది కష్టమంతా తూకంలో కనిపించకుండా పోతుంది.

అక్కడొక ఆచారం ఉంది. రోజూ బోణీ తూకం రాజనర్సు పటేలుది. ఆయన చేయి మంచిదని, ఆయన బండి ముందు ఎక్కితేనే కాంటాకు కలిసొస్తుందని నమ్మకం. ఒక్క బండితో ఆగితే బాగానే ఉండేది. దాని వెనకే ఆయనవి మరో పన్నెండు వచ్చేవి. వాటి కోసం ముందున్నవాళ్లు ఎడ్లను విప్పి, బండ్లను వెనక్కు నెట్టుకోవాలి. నిరుడు రుక్మాబాయి కూడా నెట్టుకుంది. పైగా దండం పెట్టి మరీ.

ఈ ఏడు ఆమె మనసులో ఒక మాట పడింది. నిజామాబాదులో సత్యానందం అనే మెథడిస్టు బడిపంతులు ఉండేవాడు. ఆదివారం ప్రార్థన ముగించుకుని బస్సెక్కి వచ్చి, బండ్ల నీడన కూర్చున్నవాళ్లకు తత్వశాస్త్రం చెప్పేవాడు.

"ఏ రివాజైనా సరే, ఎవరు పెట్టిండ్రు, ఎవరికి లాభమైతున్నది అని అడుగుండ్రి. మనుషులు పెట్టినదాన్ని మనుషులే మార్చొచ్చు."

మెడలో తులసిమాలతో ఏటా పండరి పోయే రుక్మాబాయికి భయం వేసింది. "దేవున్ని గూడ అడుగుమంటవా సారూ?"

"అడిగితే అలిగేటోడు దేవుడైతడా అవ్వా?"

ఆ మాటను ఆమె విఠోబా పటం ముందు నెల రోజులు తిప్పి తిప్పి చూసుకుంది. విఠోబా అలిగినట్టు కనిపించలేదు.

కాంటా తెరిచే వేళకు పటేలు జీతగాడు సిద్దిరాములు బండ్లు తోలించుకొచ్చాడు.

"ఓ రుక్మక్కా, ఎడ్లను ఇప్పు. బోణీ బండ్లచ్చినయి."

"ఇప్ప."

"ఏందీ?"

"బోణీ అంటే ఒక్కటి గద తమ్మీ. పదమూడు బోణీలు యాడ సూసినవ్?"

వెనక బండ్ల మీద నవ్వులు లేచాయి. సిద్దిరాములు ముఖం మాడింది. "పంతులు మాటలు మంచిగనే వంటవట్టినయి. సరే, గా ఒక్కటన్న పోనీ."

"ఒక్కటి గూడ పోదు. గీ రివాజు ఎవరు పెట్టిండ్రో చెప్పి పో."

"మరి నీ ఇంటి రివాజో? కైకిలికొచ్చే సాయవ్వకు చూరుల వేరే గిలాస పెట్టిందెవరు? మా పటేలా, మీ ఇఠోబానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. కూలికొచ్చి చెరకు కోసి మోపులు కట్టిన సాయవ్వ ఆ బండి పక్కనే నీళ్ల ముంతతో నిలబడి ఉంది. రుక్మాబాయి తలవంచుకుంది. ఆ గిలాస పెట్టింది అత్త. రోజూ అందులోకి పైనుంచి నీళ్లు పోసేది మాత్రం తన చెయ్యే. ఇప్పుడు ఎడ్లను విప్పితే ఈ మాట ఇక్కడితో ఆగిపోతుంది.

"నేనే," అంది. "అత్త పెట్టింది, నేను దించలే. తప్పు నాదే." సాయవ్వ వైపు తిరిగింది. "నీ ముంతల నీళ్లియ్యి సాయవ్వా."

సాయవ్వ కదలలేదు. "పనివడ్డదని అడుగుతున్నవా?"

"అవ్. పనివడ్డంకనే సోయొచ్చింది. సిగ్గయితున్నది."

"రేపు నీ ఇంట్లనో?"

"గిలాస తీసేస్త. మా కుండల నువ్వే ముంచుకో."

"సూస్త," అని సాయవ్వ ముంత ఇచ్చింది. నవ్వుతూ మాత్రం ఇవ్వలేదు. రుక్మాబాయి అందరి ముందే ముంతకు మూతి ఆనించి గటగటా తాగింది.

"నా ఇంటి సంగతి ఒప్పుకున్న సిద్దిరాములూ. ఇగ నీ పటేలు సంగతి చెప్పు."

అతడు నోరు తెరిచేలోగా వెనకవాళ్లు ఒక్కొక్కరే దిగి, బండ్లు వెనక్కు పోకుండా చక్రాల కింద రాళ్లు పెట్టసాగారు. సాయవ్వ కూడా ఒక రాయి దొర్లించుకొచ్చి రుక్మాబాయి చక్రం వెనక గట్టిగా అదిమింది.

"ముందు ఎవరిది?" లోపలి నుంచి కాంటా గుమాస్తా కేకేశాడు.

"కండ్లు లేవా?" సాయవ్వ అంతకంటే గట్టిగా అరిచింది. "ముందు నిలవడ్డోళ్లదే!"