మగతోడు అడగని ఇసుక

క్రిస్మస్ మరునాడు కూర్మన్నపాలెంలో బయల్దేరిన రోజలిన్ వ్యాను రుషికొండ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఊరు ఊరంతా సెలవులకి సముద్రం మీద పడ్డట్టుంది. టెంట్లు వేసుకోనిచ్చే చోట్లు మూడు చూసింది. మూడింటిలోనూ ఒకటే మాట: జనవరి రెండు దాకా ఖాళీ లేదు.

అది స్కూలు పిల్లల్ని తిప్పే పసుపు వ్యాను. మూడేళ్ళ క్రితం వరకూ రోజలిన్ భర్త సుందర్ రాజ్ నడిపేవాడు. అతను గుండెపోటుతో పోయాక అమ్మేయమని రోజలిన్ తమ్ముడు యోహాన్ ఒకటే పోరు పెట్టాడు. రోజలిన్ అమ్మలేదు. నలభై ఏళ్ళు వచ్చాక డ్రైవింగు నేర్చుకుని, ఆ పిల్లల్నే ఆ వీధుల్లోనే తిప్పడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ ఆ వ్యాను గాజువాక దాటి ఎరగదు. ఈ సెలవుల్లో మాత్రం ఎవర్నీ ఎక్కించకుండా, గడియారం చూడకుండా, సముద్రం పక్కన రెండు రోజులు టెంటులో ఉండి తీరాలనుకుంది. అత్త ఆరోగ్యమ్మ, ఇంటర్ చదువుతున్న కూతురు అక్సా వెంట వచ్చారు.

భీమిలి దారిలో ఒక జీడితోటలో బోర్డు కనబడితే వ్యాను లోపలికి తిప్పింది. చెట్ల కింద జాగా బోలెడుంది. మేనేజరు కుర్రాడు, పేరు నవీన్, నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రండి మేడమ్. రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. సార్ వెనకాల వస్తున్నారా?"

"సార్ లేరు. మేం ముగ్గురమే."

నవీన్ నవ్వు ఆరిపోయింది. "సారీ మేడమ్. మగవాళ్ళు లేకుండా లేడీస్‌కి ఇవ్వం. మీ సేఫ్టీ కోసమే."

"మా సేఫ్టీ నేను చూసుకుంటాను గానీ, ఆ రూలెక్కడ రాసుందో చూపించు బాబూ," అంది రోజలిన్.

"రాసి లేదు మేడమ్. ఓనర్ గారి మాట."

"అయితే మీ ఓనర్‌తో చెప్పు. రోజూ పద్దెనిమిది మంది పిల్లల్ని నా చేతుల్లో పెట్టి పంపుతున్నారు తల్లిదండ్రులు. వాళ్ళెవరూ మగోడేడని అడగలేదు."

నవీన్ తల దించుకున్నాడు గానీ గేటు దగ్గర నుంచి కదల్లేదు. రోజలిన్ వ్యాను వెనక్కి తీసింది. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అంతలో యోహాన్ ఫోను. "అక్కా, చోటు దొరకలేదు కదా? నే ముందే సెప్పాను. ఆడోళ్ళు ముగ్గురు ఏటి సేత్తారక్కడ? సీకటి పడకముందే ఒచ్చీండి."

"పోనీ ఎళ్ళిపోదామా అమ్మా?" అంది అక్సా మెల్లగా.

రోజలిన్ జవాబు చెప్పేలోపే వెనక సీట్లోంచి ఆరోగ్యమ్మ అందుకుంది. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో ఆయాగా చేసిన మనిషి, గొంతు ఇప్పటికీ వార్డంతా వినబడేలా ఉంటుంది. "ఎళ్తే మీరిద్దరూ ఎళ్ళండి. నన్నిక్కడ దించీండి. నా కొడుకు పోయినాడని నాను ఇంట్లోనే కూకోవాలేటి?"

రోజలిన్ ఫోను కట్టేసి, గేరు మార్చింది.

భీమిలి దాటాక రోడ్డు పక్కన చిన్న జాలరి పేట కనబడింది. ఇసుక మీదికి లాగిన పడవలు, ఎండలో పరిచిన చేపలు. యాభై ఏళ్ళావిడ ఒకామె ఆ చేపల్ని బుట్టలోకి ఎత్తుతోంది. రోజలిన్ దిగి వెళ్ళి, ఇక్కడ టెంటు వేసుకోవచ్చా అని అడిగింది.

ఆమె వ్యాను వైపు తొంగిచూసింది. "మీతో మగోళ్ళెవరూ నేరా?"

రోజలిన్‌కి నెత్తికెక్కింది. "లేరు! లేకపోతే ఏటి?"

"అబ్బో, కోపమే! అది కాదు సెల్లీ. ఈ పడవ కూసింత పక్కకి తోస్తే మీకు సదునైన సోటు ఒస్తాది. మా వోళ్ళంతా సంతకెళ్ళారు. సరే, మనమే తోసీద్దాం, రండి."

రోజలిన్ చెంగు బొడ్లో దోపి పడవకి భుజం ఆనించింది. అక్సా ఇంకో పక్క పట్టింది. వద్దంటున్నా ఆరోగ్యమ్మ కూడా చెయ్యేసింది. నాలుగోసారికి పడవ కదిలింది. సీతాలు, అదే ఆవిడ పేరు, ఈలవేసినట్టు గట్టిగా నవ్వింది.

టెంటు సగం నిలబెట్టారో లేదో, పక్క రిసార్టు నుంచి యూనిఫాం వేసుకున్న కాపలాదారు వచ్చాడు. "ఇక్కడ టెంట్లు కుదరవమ్మా. మా గెస్టులకి వ్యూ అడ్డమని మేనేజరు గారు తీయమంటన్నారు."

"ఈ ఇసుక మీదేనా?" అంది రోజలిన్.

"మాది కాదనుకోండి, కానీ..."

"నీకు బట్టలు మారినాయి గానీ ఈ ఇసక మారినేదు జగ్గయ్య బావా," అంది సీతాలు బుట్ట దించి. "మీ నాయిన పడవ లాగిందిక్కడే. నా అతిథుల్ని లేపుతావేటి?"

జగ్గయ్య మొహం ఎర్రబడింది. "నాదేటుంది సీతాలూ? నా ఉద్యోగం..."

రోజలిన్ అతని వైపు తిరిగింది. "నీ మీద నాకు కోపం లేదన్నా. మీ మేనేజర్ని రమ్మను. పోలీసుల్ని పిలుస్తానంటే పిలవమను. ఇది ఆయన జాగా అని కాగితం చూపిస్తే నేనే పీకేస్తాను. లేదంటే ఇక్కణ్ణుంచి కదిలేది లేదు." అని, అతని కళ్ళముందే మేకు ఇసుకలో దిగేసి, రాయితో దబదబా కొట్టింది.

మేనేజరు రిసార్టు గోడ దగ్గర నుంచి కాసేపు చూశాడు. రాలేదు. జగ్గయ్య వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఆ మేకు ఒదులుగుందమ్మా, గాలొస్తే ఎగిరిపోద్ది, ఇసక సంచి కట్టండి," అని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం సీతాలు పొయ్యి మీద చేపల పులుసు, ఆరోగ్యమ్మ తెచ్చిన ప్లమ్ కేకు కలిసి తిన్నారు. అక్సా అలల్లో గొంతెత్తి పాడింది. తన కూతురికి అంత గొంతుందని రోజలిన్‌కి అప్పటిదాకా తెలియదు.

పొద్దున్నే యోహాన్ మళ్ళీ ఫోను. "అక్కా, ఎప్పుడొస్తున్నారు?"

సముద్రం మీద పడవలు వెళ్తున్నాయి. ఆరోగ్యమ్మ మోకాలి లోతు నీళ్ళలో చీర పైకెత్తుకుని నిలబడి ఉంది.

"రెండు రోజులనుకున్నాం గానీ," అంది రోజలిన్, "నాలుగుంటాం. స్కూళ్ళు తీసేదాకా ఈ వ్యాను నాదిరా."