ప్రసూతి వార్డు పడక కుర్చీ

నేను ఒక పడక కుర్చీని. బొబ్బిలి దగ్గర ఓ వడ్రంగి టేకు చెక్కతో నా ఎముకలు చెక్కి, చారల గుడ్డ తొడిగి, హాయిగా ఒరగడానికని ఒక డాక్టరు గారికి అమ్మాడు. ఆ డాక్టరు గారు వచ్చినవాళ్లందరికీ విశ్రాంతి రాసిచ్చేవారు గానీ, తాను మాత్రం నా మీద నడుము వాల్చిన పాపాన పోలేదు. బదిలీ అయినప్పుడు నన్ను ప్రసూతి వార్డు నర్సుల గదిలో వదిలేసి వెళ్లారు. అక్కడ నా ఉద్యోగం చేతిసంచులు మోయడం.

ఆ సంచులు దింపించిన మహాతల్లి హెడ్ సిస్టరు ఎస్తేరు రాణి. కొత్తగా చేరిన హేమలత అనే నర్సు, తన చేతుల్లో ఒక బాలింత పోయిన రోజున గోడకు ముఖం పెట్టి, ఈ ఉద్యోగం తన వల్ల కాదని ఏడుస్తోంది. ఎస్తేరు రాణి ఆ పిల్లను నా మీద కూచోబెట్టి చేతికి టీ ఇచ్చింది. "ఇది తాగేదాకా నిన్నెవరూ పిలవరమ్మా. నీ మంచాలు నేను చూస్తాను" అంది. అప్పటి నుంచి అదే వార్డు చట్టమైంది. మనసు చెదిరినవాళ్లు వచ్చి కూచుంటారు, టీ అయ్యాక లేచి వెళ్తారు. ఎన్ని కన్నీళ్లు ఇంకాయో నా గుడ్డకే తెలుసు. చట్టం చేసిన మనిషి మాత్రం ఒక్కనాడూ కూచోలేదు. నాకు ఆవిడంటే ప్రాణం, అందుకే కోపం కూడా.

పోయిన వానాకాలంలో, ఎస్తేరు రాణి కళ్లలో వత్తులేసుకుని కాచుకున్న నెలలు నిండని బిడ్డ ఒకటి దక్కలేదు. ఆవిడ ఏమీ జరగనట్టు మా గదిలోకి వచ్చి, మరో బాలింతకు ఇంజెక్షను సిద్ధం చేయబోయింది. సీసా మీది పేరు చదువుతుంది, మళ్లీ మొదటి నుంచి చదువుతుంది.  పొరపాటు జరిగితే ఇంకో ప్రాణం మీదికి వస్తుందని హేమలత మెల్లగా సీసా అందుకుంది.

"కూచోండి మేడం."

"నాకేటైందే? ఇటియ్యి."

"బాలింతలందరికీ రోజూ చెప్తారు కదండీ, తల్లి తింటేనే బిడ్డకి పాలని. మరి మీరు పడిపోతే మా సంగతేటండి?"

ఎస్తేరు రాణి సీసా కోసం చాచిన చెయ్యి దించేసింది. వచ్చి నా మీద ధబ్బున కూలబడింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన నేను ఏం చేశాను? పర్రున చిరిగిపోయాను. ఆవిడ నా చట్రంలో ఇరుక్కుని ముందు నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. హేమలత వెళ్లి ఇంజెక్షను ఇచ్చి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని పక్కన నేల మీద కూచుంది.

ఇప్పుడు నేను ఆసుపత్రి వెనక విరిగిన మంచాల మధ్య ఉన్నాను. నా చోట్లోకి ప్లాస్టిక్ కుర్చీ వచ్చిందట. దాని నెత్తిన మళ్లీ సంచులు ఎక్కించారేమోనని బెంగగా ఉండేది. నిన్న మధ్యాహ్నం నర్సుల గది కిటికీలోంచి ఆ గొంతు వినిపించింది.

"హేమా, కాసేపు కూచుంటానే. నా మంచాలు చూసుకో."

ఆ మాట అనడానికి ఎస్తేరు రాణికి ముప్పయ్యేళ్ల సర్వీసు పట్టింది. నాకిక చెద పట్టినా దిగులు లేదు.