ఇద్దరు చేసే పని

బుక్కరాయసముద్రం దాటాక రోడ్డు పక్కనున్న ఆ వృద్ధాశ్రమంలో మొదట ఇద్దరు ఆయాలు ఉండేవారు. పద్మప్రియకు బెంగళూరులో పని దొరికి వెళ్లిపోయాక మస్తానాబీ ఒక్కతే మిగిలింది. ఇంకొకరిని పెడతానని మేనేజరు నరేంద్ర చెబుతూనే వచ్చాడు. ఎండాకాలం వచ్చింది గాని మనిషి రాలేదు.

మంచం దిగలేనివాళ్లు, పట్టుకుంటే తప్ప నడవలేనివాళ్లు కలిపి ఇరవై మంది దాకా ఉన్నారు. పొద్దున అందరికీ ఒకేసారి అవసరం. ఎవరిని ముందు లేపాలో, ఎవరిని ఇంకాసేపు తడి పక్క మీదే ఉంచాలో మస్తానాబీ తేల్చుకోవాలి. ఎలా తేల్చుకున్నా ఎవరో ఒకరి చేత మాటపడేది.

శ్రీరంగప్ప పామిడి వైపు ఒక ఊరికి సర్పంచిగా చేసినవాడు. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది. భారీ మనిషి. ఆమె తన భుజం ఆయన వీపుకు ఆనించి ఒక్కతే పక్కకు తిప్పేది. గుడ్డలు మారుస్తున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకుని ఉండేవాడు. చూడటానికి వచ్చినవాళ్లతో మాత్రం, కర్ర పట్టుకుని బాత్రూముకు తానే పోతున్నానని చెప్పేవాడు. మస్తానాబీ ఏనాడూ కాదనలేదు.

ఒకరోజు పొద్దున ఆయన్ని మంచం అంచుకు తిప్పి శుభ్రం చేస్తుండగా, వరండాలోంచి చెన్నమ్మ బాత్రూముకు పోవాలని పిలిచింది. మస్తానాబీ కాస్త ఆగమంది. చెన్నమ్మ మళ్లీ పిలిచింది. చేయి వదిలితే శ్రీరంగప్ప కింద పడతాడు. చెన్నమ్మ ఆగలేక గోడ పట్టుకుని తనే బయలుదేరింది. తడి బండ మీద కాలు జారి పడింది. మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో కట్టు వేయించుకుని వచ్చేసరికి ఆమె కొడుకు రామాంజులు గార్లదిన్నె నుంచి దిగాడు. ఆయా అజాగ్రత్త వల్లే ఇదంతా జరిగిందని, ఆమెను పనిలోంచి తీసేస్తున్నానని నరేంద్ర మంచాలున్న హాల్లో అందరి ముందూ చెప్పాడు. తాను వేరేవాళ్ల దగ్గర ఉన్నానని మస్తానాబీ అంది. ఎవరి దగ్గరని నరేంద్ర అడిగాడు. ఆమె తల దించుకుని నిలబడింది, పేరు చెప్పలేదు.

మంచం మీద నుంచి శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు.

"నా కాడ ఉండె. నేను పక్కలోనే పోయింటి. ఆయమ్మ కడుగుతాండె."

ఆయన ముఖం కందిపోయింది. అయినా ఆపలేదు.

"చెన్నమ్మ పిలిచేది నేనూ విన్న్యా. ఈమె పోయింటే నేను పడతాంటి. ఇద్దరు చేసే పని ఒకదాంతో చేయిస్తాండావు నరేంద్రా. ఎవరో ఒకరు పడకుండా ఎట్లుంటారప్పా?"

మనుషులు దొరకడం లేదని నరేంద్ర గొణిగాడు. యాడ వెతికినావని రామాంజులు నిలదీశాడు. ఆ తర్వాత అతనే వరండాలో కూర్చుని, అక్కడున్న మిగతావాళ్ల ఇళ్లకు వరసగా ఫోన్ చేశాడు. ఇంకొకరిని పెట్టకపోతే తమవాళ్లను తీసుకుపోతామని చాలామంది నరేంద్రతో గట్టిగా చెప్పారు. మస్తానాబీని తీసేసే మాట మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు సుల్తానా అనే ఆమె పనిలో చేరింది, అదీ పొద్దునపూటకే.

పొద్దునపూట పని తేలికైంది. శ్రీరంగప్పను ఇద్దరూ కలిసి తిప్పుతున్నారు. చెన్నమ్మకు మాత్రం కోపం పోలేదు. పిలిస్తే రాలేదని కనిపించినవాళ్లందరికీ చెప్పింది. మస్తానాబీ సంగటి ముద్ద కలిపి నోటికి అందిస్తే, ముఖం అటు తిప్పుకునే తినేది. చెన్నమ్మ కోపంలో తప్పేమీ మస్తానాబీకి కనిపించలేదు. మధ్యాహ్నం నుంచి మళ్లీ ఆమె ఒక్కతే. ఆ పూటకు కూడా మనిషి కావాలని నరేంద్రను అడిగింది. చూస్తానన్నాడు. ఈసారి ఆమె ఊరుకోలేదు, కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉంది.