బావమరిది దగ్గర చేబదులు

బాకీ ఉన్నవాడికి ఊళ్ళో వీధులు తగ్గిపోతాయి. వైర్‌లెస్ మెకానిక్‌కి అలా లేకుండా పోయింది బేకరీ వీధి. ఆ బేకరీ ఎవరిదో కాదు, సొంత బావమరిదిది. గొప్పలకు పోయి పాత కారు కొనడానికి వాడి దగ్గరే చేబదులు తీసుకున్నాడు. కారు కొన్నాళ్ళు తిరిగి, ఇంటి పక్కన దుప్పటి కప్పుకుని పడుకుంది. బాకీ మాత్రం పడుకోలేదు.

భార్య అడిగితే, "మీ తమ్ముడిది ఎప్పుడో తీర్చేశాను" అని వంటింట్లో నిలబడి నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడేశాడు. ఆ తమ్ముడూ మహానుభావుడే, అక్క దగ్గర నోరు మెదపలేదు. పైగా ఆవిడ వచ్చినప్పుడల్లా ఒక రొట్టె ఊరికే ఇచ్చి పంపేవాడు. ఆ రొట్టె మెకానిక్‌కి గొంతు దిగేది కాదు. దిగకపోయినా తినేవాడనుకోండి.

అతను పనిచేసేది సైన్యం వాళ్ళ సిగ్నల్ గదిలో. సైనిక వాహనాలు ఏ రోజు ఏ దారిన కదులుతాయో ఆ గదిలో వాళ్ళకి ముందే తెలిసిపోతుంది. అందుకే కొన్నేళ్ళకోసారి మనిషిని తిరగేసి మరగేసి చూసిగానీ మళ్ళీ క్లియరెన్స్ ఇవ్వరు. అది లేకపోతే ఆ గది గడప తొక్కనివ్వరు. మన మెకానిక్‌కి వచ్చిన విద్య అంతా ఆ గదిలోదే.

ఈసారి వచ్చిన విచారణాధికారి నెమ్మదస్తుడు. ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు వంచుకుంటూ అడిగాడు.

"బ్యాంకు అప్పులు మాకు తెలుస్తాయి. చేబదుళ్ళే తెలియవు. ఎవరికైనా ఇవ్వాలా?"

"లేదండీ."

"ఉన్నా తప్పేం లేదు. చెబితే తీర్చే దారి చూసుకోమంటాం. దాచిన బాకీతోనే చిక్కు. ఇచ్చినవాడు ఏదైనా అడిగితే కాదనలేం కదా."

"లేదండీ" అన్నాడు మళ్ళీ, ఈసారి అక్కర్లేనంత గట్టిగా.

అధికారి ఊరుకోకుండా నాలుగు చోట్లా వాకబు చేశాడు, బేకరీకీ వెళ్ళాడు. ఆ సాయంత్రమే బావమరిది స్కూటరేసుకుని ఇంటి గేటు దగ్గర దిగాడు.

"బావా, మీ ఆఫీసాయన వచ్చాడు. నువ్వు నాకేమైనా ఇవ్వాలా అనడిగాడు. చిల్లిగవ్వ కూడా లేదని చెప్పా. నీ పరువు నా పరువు కాదా?"

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఎవరికైతే మొహం చాటేశాడో, వాడే తనని కాపాడాడు. వయసులో చిన్నవాడు కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే కాళ్ళు పట్టుకునేవాడే.

"ఎలాగైనా సర్దుతాను రా..."

"ఆ సంగతి వదిలెయ్ బావా. ఇంతకీ మీ సైన్యం బళ్ళ కోసం ఊరి వంతెన మళ్ళీ ఎప్పుడు మూస్తారు? పోయినసారి నా బండి అవతలే ఇరుక్కుపోయి రొట్టెలన్నీ ఎండిపోయాయి."

"బుధవారం పొద్దున" అన్నాడు మెకానిక్.

బావమరిది సంతోషంగా వెళ్ళిపోయాడు. పాపం, వాడికి రొట్టెల ధ్యాస తప్ప మరొకటి లేదు. మెకానిక్ మాత్రం గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. వాడు ఊరికే అడిగాడు, తను ఊరికే చెప్పేశాడు. తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు అధికారి నవ్వుతూ కుర్చీ చూపించాడు. "మీ గురించి అందరూ మంచే చెప్పారు."

"మా బావమరిది నా పరువు కోసం అబద్ధం చెప్పాడండీ. వాడికి బాకీ ఉన్నాను. నిన్న వంతెన ఎప్పుడు మూస్తారని అడిగితే చెప్పేశాను."

అధికారి నవ్వు ఆగిపోయింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది. మెడలో కార్డు ఇమ్మని చెయ్యి చాపాడు, అంతే.

మెకానిక్ అటునుంచి అటే బేకరీ వీధిలోకి నడిచాడు. ఎన్నాళ్ళకో తలెత్తుకుని నడిచాడు. కొట్టులో కౌంటర్ దగ్గర చంకలో రొట్టెతో భార్య, తమ్ముడితో కబుర్లాడుతోంది.

"వంతెన గురించి నేనన్నది మర్చిపోరా. ఎవరితోనూ అనకు" అన్నాడు మెకానిక్. "నన్ను ఆ గదిలోంచి పంపేశారు. నీకు బాకీ ఉన్నానని చెప్పేశాను."

బావమరిది మొహం మాడిపోయింది. "లేదని నేను చెప్పాక వెళ్ళి ఉందని చెప్పావా? నన్ను అబద్ధాలకోరుని చేశావు కదా బావా!"

కష్టమంతా ఆఫీసులోనే అయిపోయిందనుకున్నాడు మెకానిక్. ఆఫీసుకంటే ముందు ఆ అబద్ధం తన వంటింట్లోనే ఆడిన సంగతి, భార్య తన వైపు తిరిగేదాకా గుర్తు రాలేదు.

"తీర్చేశానన్నారుగా" అంది ఆవిడ. గొంతు పెంచలేదు.

అతను తల దించుకున్నాడు. ఆవిడ చంకలో రొట్టె తీసి, తమ్ముడి మొహం చూడలేక, మళ్ళీ అరలో పెట్టేసింది.